ఇరవై గడియలు

మన పూర్వులు ఒక పగలును, ఒక రాత్రిని కలిపి అరవై గడియలుగా లెక్కించారు. గడియ అంటే నేటి లెక్కలో 24 నిమిషాలు. అందులో అరవయ్యో వంతు విగడియ, అంటే 24 సెకన్లు. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీటిమీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలాన్ని గడియగా కొలిచేవారు. మనం రోజూ చూసే గడియారం పేరు అక్కడినుంచి వచ్చిందే. ప్రబంధకవులు సూర్యోదయాన్ని, మధ్యాహ్నాన్ని, సాయంసంధ్యను, చంద్రోదయాన్ని ఎట్లా వర్ణించారో పరిశీలించడం నా పరిశోధన విషయం. అందుకోసం ఏడేండ్లు పుస్తకాల మధ్య గడిపాను. వేళలను గురించి అంతగా చదివిన నేను ఒకనాటి రాత్రి ఇరవై గడియల కాలాన్ని చేజేతులా జారవిడిచాను. ఈ సంగతిని ఇంతవరకు ఏ తరగతి గదిలోనూ చెప్పలేదు.

అది 2001 డిసెంబరు. నేను కోరుట్లలో జూనియర్ లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. రెండు రోజుల సెలవు దొరికితే సిద్ధాంత గ్రంథం కాగితాలు సంచిలో పెట్టుకొని సిరిసిల్లలోని మా ఇంటికి వచ్చాను. అప్పటికి సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల మూడూ కరీంనగర్ జిల్లాలోనివే. మా అన్న నాకంటె పన్నెండేండ్లు పెద్ద. బాపు పోయిన తరువాత చదువు మానుకొని సాంచాలమీదికి వెళ్లాడు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచా అంటారు. ఒక ఆసామి కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ చేసి, ఆ కూలితో నన్ను ఎం.ఏ. దాకా చదివించాడు. ఆ సంవత్సరాలు సిరిసిల్లకు గడ్డుకాలం. బట్టకు గిరాకీ లేక సాంచాలు ఆగిపోవడం, అప్పులు తీర్చలేక నేతకార్మికులు ప్రాణాలు తీసుకోవడం పత్రికల్లో తరచుగా కనిపించేది. ఒక్క పాళీ పోయినా ఇంట్లో దాని లోటు తెలిసేది.

ఆ రాత్రి తొమ్మిది కావస్తుండగా అన్న కార్ఖానానుంచి మధ్యలోనే తిరిగివచ్చాడు. అట్లా రావడం ఎన్నడూ లేదు.

“ఎదల ఏదో బరువు పెట్టినట్టున్నది తమ్మీ. ఎడమచెయ్యి గుంజుతున్నది” అన్నాడు.

“గ్యాసు అయి ఉంటది అన్నా. సోడా తాగి పండుకో, పొద్దుగాల వరకు తగ్గుతది” అన్నాను.

చలికాలపు రాత్రి. అయినా అతని అంగీ వీపంతా చెమటతో తడిసి ఉంది. నేను ఆ చెమటను చూడకపోలేదు. చూసి, కార్ఖానాలోని ఉక్క అని నాకు నేనే సమాధానం చెప్పుకొన్నాను. సోడా తెచ్చి ఇచ్చాను. వదినె వాము నీళ్లు కాచి ఇచ్చింది. నేను వెళ్లి చంద్రోదయ వర్ణనల అధ్యాయం ముందు కూర్చున్నాను. పదకొండు దాకా రాసిన గుర్తు. పక్కగదిలో అన్న అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

రెండు గంటలకు మూలుగు వినిపించి లేచాము. గల్లీ చివరన ఉండే ఆర్.ఎం.పి. వైద్యుడిని లేపుకొని వచ్చాను. ఆయన ఒక సూది వేసి, తగ్గుతుందని చెప్పి వెళ్లాడు. తగ్గలేదు. నాలుగింటికి వాంతి అయింది, పెదవులు నల్లబడ్డాయి. అప్పుడు ఆసామి ఇంటికి పరుగెత్తి జీపు అడిగాను. అప్పటికి 108 వాహనాలు లేవు. అవి మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. కరీంనగర్ నలభై కిలోమీటర్లు. ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి అయిదు గంటలు.

గుండె లయను గీతలుగా గీసే ఇ.సి.జి. కాగితాన్ని చూస్తూ యువ వైద్యుడొకాయన అడిగిన మొదటి ప్రశ్న, “నొప్పి ఎప్పుడు మొదలైంది?”

“రాత్రి రెండింటికి” అన్నాను.

ఎందుకట్లా అన్నానో ఈనాడు స్పష్టంగా చెప్పగలను. తొమ్మిదింటికని చెబితే, ఇంతసేపు ఏం చేశారని ఆయన అడుగుతాడు. ఎం.ఏ. చదివి, పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి సోడా తాగించి పడుకోబెట్టానని చెప్పాలి. ఆ సిగ్గును తప్పించుకోవడానికి నా అన్న గుండెకు సంబంధించిన లెక్కలో అయిదు గంటలు కొట్టేశాను. ఆయన రెండు అని కాగితంమీద రాసుకొన్నాడు కూడా.

ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టించుకొన్న అన్న కళ్లు తెరిచాడు. “తొమ్మిదింటికి సార్. మా తమ్మునికి యాది లేదు” అన్నాడు.

వైద్యుడు నావైపు ఒకసారి చూసి, రెండు అంకెను కొట్టివేసి తొమ్మిది రాశాడు. ఏమీ అనలేదు. తరువాత నన్ను పక్కకు పిలిచి, గుండె కండరానికి రక్తాన్నిచ్చే ధమనిలో నెత్తురుగడ్డ అడ్డుపడిందని, దాన్ని కరిగించే మందు ఉన్నదని చెప్పాడు. పన్నెండు గంటల వరకు ఇవ్వవచ్చుగాని ఆలస్యమైనకొద్దీ ఫలం తగ్గుతుందని, మొదటి రెండు మూడు గంటల్లో వచ్చి ఉంటే వేరుగా ఉండేదని అన్నాడు. మందు పేరు స్ట్రెప్టోకైనేజ్. చిన్న సీసాలో తెల్లని పొడి. 15 లక్షల యూనిట్లు. దాన్ని ఉప్పునీటి సీసాలో కలిపి ఒక గంటసేపు చుక్కచుక్కగా ఎక్కించారు. మధ్యలో రక్తపోటు పడిపోయింది. నర్సు వచ్చి చుక్కల వేగం తగ్గించి, కాళ్లకింద దిండ్లు పెట్టింది. వదినె గోడకు ఆనుకొని నిలబడింది. నేను ఆ చుక్కలనే చూస్తూ నిలబడ్డాను.

అన్న బతికాడు. కాని గుండె కండరంలో కొంత భాగం అప్పటికే చచ్చుబడింది. తరువాతి నెలల్లో పరీక్షలకని అతన్ని వెంటబెట్టుకొని వెళ్లినప్పుడల్లా ఆ వైద్యుడిని ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఆయన ఓపికగా చెప్పేవాడు. ఆయన చెప్పిందీ, తరువాత నేను చదివి తెలుసుకొన్నదీ కలిపి ఇక్కడ చెబుతాను.

నెత్తురుగడ్డ అంటే ఒట్టి ముద్ద కాదు. అది ఒక నేత. రక్తనాళం లోపలి గోడ చిట్లినప్పుడు మొదట సూక్ష్మమైన రక్తఫలకికలు అక్కడ గుమిగూడుతాయి. రక్తంలో కరిగి ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీను పోగులుగా మారి వాటిచుట్టూ వల అల్లుకొంటుంది. ఆ పోగులే ఫైబ్రిన్. చేతికి దెబ్బ తగిలినప్పుడు ఈ నేత మనల్ని కాపాడుతుంది. అదే గుండెధమనిలో, కొవ్వు పేరుకొన్న చోట పగులు ఏర్పడి జరిగితే దారి మూసుకుపోతుంది. అయితే నేసే ఏర్పాటుతోపాటు విప్పే ఏర్పాటును కూడా ప్రకృతి మన నెత్తుటిలోనే పెట్టింది. ప్లాస్మినోజెన్ అనే పదార్థం రక్తంలో నిద్రాణంగా తిరుగుతూ ఉంటుంది. దాన్ని మేల్కొలిపితే ప్లాస్మిన్ అనే ఎంజైముగా మారుతుంది. ప్లాస్మిన్ ఫైబ్రిన్ పోగులను ఎక్కడికక్కడ కత్తిరిస్తుంది. స్ట్రెప్టోకైనేజ్ తనంతట తాను పోగులను తెంచదు. ప్లాస్మినోజెన్‌తో జతకట్టి, మిగిలిన ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది. కత్తెర మనదే, పట్టే చెయ్యి మాత్రం బయటినుంచి వచ్చిందన్నమాట. ఇది చెప్పినప్పుడు మా అన్న, “చిక్కుపడ్డ దారాన్ని కోసి తీసుడే గదా” అన్నాడు. ఇరవై ఏండ్లు సాంచా నడిపినవాడికి అంతకంటె వివరణ అవసరం లేకపోయింది.

ఈ మందు పుట్టుక కూడా విచిత్రమైనదే. గొంతునొప్పిని కలిగించే స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవినుంచి ఇది లభించింది. 1933లో అమెరికాలో విలియం టిలెట్ అనే శాస్త్రవేత్త ఈ జీవులు రక్తద్రవంలో ఉంటే అది గడ్డకట్టదని ఊహించి పరీక్షనాళికల్లో ప్రయోగం చేశాడు. అన్ని నాళికలూ గడ్డకట్టాయి. ఊహ తప్పింది. విసిగి వాటిని పక్కన పెట్టాడు. కొంతసేపటికి మళ్లీ చూస్తే సూక్ష్మజీవులున్న నాళికల్లో గడ్డలు కరిగి నీరై ఉన్నాయి. పారబోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. తరువాత ఎందరో చేసిన కృషివల్ల 1958 నాటికి గుండెపోటు రోగులకు దీన్ని ఇచ్చి చూశారు. అయినా వైద్యలోకం గట్టిగా నమ్మడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1986లో ఇటలీలో దాదాపు 11,800 మంది రోగులపై జరిపిన జిస్సీ పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. నొప్పి మొదలైన ఒక గంటలోపల ఈ మందు అందినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మూడు గంటలు దాటి ఆరు గంటలలోపు అందినవారిలో తగ్గుదల ఆరింట ఒక వంతు మాత్రమే. 1988లో 17,187 మందిపై జరిగిన ఐసిస్-2 పరిశోధన ఈ మందుకు ఆస్పిరిన్ మాత్ర తోడైతే మరింత మేలని తేల్చింది. ఈ అంకెలను మొదటిసారి చదివిననాడు నాకు అన్నం సహించలేదు. మా అన్నకు మందు అందింది ఎనిమిది గంటలకు. మన పూర్వుల లెక్కలో సరిగ్గా ఇరవై గడియలు.

ఆ మందు మనకు దూరదేశపు వస్తువుగానే మిగిలిపోలేదు. చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సాంకేతిక సంస్థలో గిరీశ్ సాహ్నీ బృందం దీని తయారీపై ఏండ్లతరబడి శ్రమించింది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ సంస్థలు జన్యుసాంకేతిక పద్ధతిలో స్ట్రెప్టోకైనేజ్‌ను ఉత్పత్తి చేశాయి. మందు ఆసుపత్రిలో ఉండగా సిరిసిల్ల గల్లీలో మేము వాము నీళ్లు కాచుకొంటూ కూర్చోవడంలో ఉన్న దూరం ఎన్ని కిలోమీటర్లో నేను ఇప్పటికీ లెక్కకట్టలేను.

అన్న మళ్లీ సాంచా పట్టలేదు. నాలుగు అడుగులు గట్టిగా నడిస్తే ఆయాసం వచ్చేది. వదినెతోపాటు కూర్చొని కండెలు చుట్టేవాడు. ఆసుపత్రివారు ఇచ్చిన చీటీని, స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చినట్టు రాసి ఉన్నదాన్ని, జేబులో భద్రంగా పెట్టుకొని తిరిగేవాడు. ఆ మందు ఒకసారి తీసుకొన్న శరీరం దాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలను తయారుచేసుకొంటుంది కనుక మళ్లీ అదే మందు ఇవ్వరాదని వైద్యుడు చెప్పాడు. 2006లో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. ఆ చీటీ అంగీ జేబులోనే ఉంది.

ఆ తరువాత నాకు ఒక రకమైన తొందర పట్టుకొంది. ఎవరైనా ఛాతీమీద చెయ్యి వేసుకొంటే చాలు, ఆసుపత్రికి పదమనేవాణ్ణి. ఆ తొందర కూడా నాకొక పాఠం నేర్పింది. 2009లో కోరుట్లలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలిని నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. బీడీలు చుట్టి కొడుకును పెంచింది. ఆ కొడుకు దుబాయిలో పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం తునికాకు కత్తిరిస్తూ ఆమె పక్కకు ఒరిగిపోయింది. మాట పడిపోయింది. క్షణం ఆలస్యం చేయకుండా 108 పిలిపించి కరీంనగర్ తీసుకొనిపోయాను. ఈసారి నేను పొరపాటు చేయలేదన్న ధీమాతో, గడ్డ కరిగించే మందు ఇవ్వండి అని వైద్యుడిని తొందరపెట్టాను.

ఆయన సి.టి. స్కాన్ ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించాడు. మెదడులో తెల్లని మచ్చ. “ఇది గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతం కాదు. రక్తనాళం పగిలింది. ఈ తెలుపంతా నెత్తురే. మీరడిగిన మందు ఇస్తే ఆమెను మనమే చంపినవాళ్లం అవుతాం” అన్నాడు. పక్షవాతం రెండు విధాలని, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయని, స్కాన్ తీయకుండా ఈ మందు జోలికి పోరాదని నాకు ఆనాడు తెలిసింది. అవ్వ మూడోరోజున పోయింది. ఆమె కొడుకు ఫోనులో, “సార్, మందు ఎందుకు ఇప్పియ్యలేదు?” అని అడిగాడు. నాకు అర్థమైనంతవరకు చెప్పాను. అతనికి ఎంత అర్థమైందో తెలియదు.

2016 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల వేరువేరు జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. జగిత్యాలకు 2022లోను, సిరిసిల్లకు 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. నేను జగిత్యాలకు బదిలీ అయి వచ్చాను. 2023 ఆగస్టులో ఒక ఉదయం ఉపన్యాసకుల గదిలో టీ తాగుతున్నాము. భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు నా ఎదురుగా కూర్చొని పరీక్షల సంగతి మాట్లాడుతున్నాడు. మాట్లాడుతుండగానే అతని మాటలు ముద్దముద్దగా వచ్చాయి. కుడిచేతిలోని గ్లాసు జారి కిందపడింది. నోరు ఒకవైపుకు లాగింది.

గోడగడియారం చూశాను. 11.20. జేబులోని పెన్ను తీసి ఆ అంకెను నా అరచేతిలో రాసుకొన్నాను. ఎవరో పావురం నెత్తురు రాయాలన్నారు. అటెండరు మంచినీళ్లు తెచ్చాడు. వద్దన్నాను. మింగే శక్తి తగ్గినవారికి నీళ్లు తాగిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. 108కు ఫోను చేశాము. స్కాన్, నరాల వైద్యుడు, మందు మూడూ ఉన్న ఆసుపత్రి కరీంనగర్‌లో ఏదో ముందే కనుక్కొని, వస్తున్నామని దారిలోనే చెప్పించాము. యాభై కిలోమీటర్ల ఆ దారి పొడవునా అతను ఏదో చెప్పాలని ప్రయత్నిస్తూనే ఉన్నాడు. మాటలతో బతికే మనిషికి మాట అందకపోవడం ఎట్లా ఉంటుందో అతని కళ్లలో చూశాను. మెదడుకు రక్తం అందించే పెద్ద ధమని మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక పరిశోధకుడు లెక్కగట్టాడు. దాన్ని ఎప్పుడో చదివి ఉన్నాను. ఆ రోజు దాన్ని మరిచిపోదామని ఎంత ప్రయత్నించినా సాధ్యం కాలేదు.

“ఎప్పుడు మొదలైంది?” అన్నారు అక్కడి వైద్యురాలు. అరచెయ్యి చాపి చూపించాను.

“అంతకుముందు బాగానే ఉన్నారా? మీరే చూశారా?”

“బాగానే ఉన్నాడు. నాతోనే మాట్లాడుతున్నాడు” అన్నాను.

స్కాన్‌లో తెల్లమచ్చ లేదు. పక్షవాతానికి ఈ వైద్యం నాలుగున్నర గంటల లోపల జరగాలి. 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన మూడు గంటలవరకు మేలు ఉంటుందని చూపగా, 2008లో వెలువడిన యూరపు పరిశోధన ఆ గడువును నాలుగున్నరకు పెంచింది. పక్షవాతానికి స్ట్రెప్టోకైనేజ్ పనికిరాదు. దానివల్ల మెదడులో రక్తస్రావాలు ఎక్కువయ్యాయి. మన రక్తనాళాల గోడలే తయారుచేసుకొనే టి.పి.ఎ. అనే ఎంజైమును ప్రయోగశాలలో ఉత్పత్తి చేసి వాడతారు. అది ముఖ్యంగా గడ్డను పట్టుకొని ఉన్న ప్లాస్మినోజెన్‌మీదనే పనిచేస్తుంది. దానికి మార్పులు చేసి రూపొందించినదే టెనెక్టెప్లేజ్. ఒక్క సూదితో ఇవ్వవచ్చు. ధర మాత్రం స్ట్రెప్టోకైనేజ్‌కు ఎన్నో రెట్లు.

మిత్రుని భార్య వేరే బండిలో వెంటనే వచ్చింది. వైద్యురాలు ఆమెకు రెండు సంగతులూ దాచకుండా చెప్పారు. మందు పనిచేస్తే మాట, చెయ్యి తిరిగి రావచ్చు. వందమందిలో కొద్దిమందికి మెదడులో రక్తస్రావమై ప్రాణాలమీదికి రావచ్చు. అమెరికా పరిశోధనలో అట్లాంటివారు వందకు ఆరుగురు. ఆమె చేతిలో సంతకం చేయవలసిన కాగితం ఉంది.

“అన్నా, మీరేమంటరు?” అని నన్ను అడిగింది.

నా కళ్లముందు ఒకవైపు సిరిసిల్లలో తడిసిన అంగీ, మరొకవైపు కోరుట్ల అవ్వ స్కాన్‌లోని తెల్లమచ్చ. “చెల్లే, నేను డాక్టరును కాదు. వేళ మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. పదకొండు ఇరవై. అందులో అబద్ధం లేదు. మిగిలింది అమ్మగారు చెప్పినట్టు చేద్దాం” అన్నాను. ఆమె సంతకం చేసింది. 1.35కు సూది వేశారు. పదకొండు ఇరవైనుంచి లెక్కవేస్తే ఆరు గడియలు నిండలేదు.

సాయంత్రానికి కుడిచేతి వేళ్లు కదిలాయి. మాట రావడానికి మాత్రం రోజులు పట్టింది. మొదటి రోజుల్లో కుర్చీని బల్ల అనేవాడు, భార్యను అక్క పేరుతో పిలిచేవాడు. ఆరునెలలకు తరగతికి వచ్చాడు. ఇప్పటికీ వేగంగా చెప్పబోతే ఒక్కొక్క మాట చిక్కుతుంది. పిల్లలు నవ్వరు. అతను ఆగి, బోర్డుమీద రాసి, ముందుకు పోతాడు.

గుండెపోటుకు ఈనాడు ధమనిలోకి సన్నని తీగ పంపి, దారి తెరిచి, స్టెంటు పెట్టే చికిత్స మెరుగైనదని వైద్యులు అంటున్నారు. మెదడులోని పెద్ద గడ్డలను కూడా అట్లాగే పట్టి బయటికి లాగుతున్నారు. అయితే ఆ సౌకర్యాలు ఉన్న నగరానికి గంటల ప్రయాణం ఉన్నచోట ముందుగా గడ్డను కరిగించే సూది వేసి, తరువాత అక్కడికి పంపడం ఇప్పటికీ ఆచరణలో ఉన్న పద్ధతి.

క్రిందటి సంవత్సరం అన్న సంవత్సరీకానికి సిరిసిల్ల వెళ్లాను. భోజనాలయిన తరువాత వదినె ఒక్కతే ఉండగా, ఆనాడు ఆసుపత్రిలో వైద్యునితో నేను రెండు గంటలని చెప్పిన సంగతి బయటపెట్టాను. ఆమె గోడకు ఆనుకొని ఉంది గాని ఆ మాటలు వినే స్థితిలో లేదని ఇన్నేండ్లూ అనుకొన్నాను.

“నాకు ఎరుకే” అన్నది వదినె. “మీ అన్న కూడ ఇంటికొచ్చినంక చెప్పిండు. తమ్ముడు భయపడి అన్నడు, నువ్వు ఎన్నడు అడుగకు అన్నడు. అందుకే అడుగలే.”

జగిత్యాల బస్సుకు ఇంకా సమయం ఉంది. ఆమె చాయ పెట్టడానికి లేచింది.